ఆపద వచ్చిన పిదప ఆరాధన

ఈ సాయంకాలము నేను మాటలాడబోవు విషయము క్రైస్తవ కుటుంబములకు సంబంధించినదే. అయినను ఆపద అనునది ఏ మతమువారి గడపనైనను అడుగకయే దాటి వచ్చునది గనుక తక్కినవారును వినదగునని తలంచుచున్నాను. ఆకస్మికముగా దెబ్బ తగిలిన మనుష్యుడు తన విశ్వాసమును, ఆరాధనను ఏలాగు నిలుపుకొనును? ప్రసంగపీఠము మీదనుండి దీనికి జవాబు చెప్పుట సులభము. దీపము వెలిగింపని యింటిలో కూర్చుండి తనకు తాను చెప్పుకొనుట కష్టము.

నా సంగతి మొదట కొలది మాటలలో చెప్పెదను. నేను మా యూరి మందిరములో పాటలు ఎత్తువాడను. నేను ఎత్తుట పేరునకే గాని, శ్రుతి ఇచ్చునది నా భార్య. నాట్లు వేయు దినములలో ఒక సాయంకాలము పొలము గట్టున ఆమెను పాము కరచెను. తెల్లవారునప్పటికి ఆమె లేదు. ఆ పై ఆదివారము మందిరమునకు పోయి పాట ఎత్తుటకు నోరు తెరచితిని, గొంతు పెగలలేదు. మరుసటి ఆదివారము వెనుక చాపమీద కూర్చుంటిని. ఆ తరువాత కొన్ని ఆదివారములు పోనేలేదు. దేవుడు లేడని నేననుకొనలేదు. ఉన్నాడనియే యనుకొంటిని, అందువలననే ఆయనతో మాటలాడ మనసు రాలేదు.

ఆ దినములలో నాచేతికి వచ్చినది విలియం కేరీ దొర చరిత్ర. ఇంగ్లండులో చెప్పులు కుట్టి జీవించిన యీయన వంగదేశమునకు వచ్చి, 1800 సంవత్సరమునుండి హుగ్లీ నదీతీరమునందలి శ్రీరాంపురములో మార్ష్‌మన్, వార్డు అను సహచరులతో కూడ నివసించుచు, అనేక దేశభాషలలో బైబిలును భాషాంతరము చేసి అచ్చువేయించుచుండెను. 1812 మార్చి 11వ తేదీ, బుధవారము సాయంకాలము, ఆ ముద్రణశాలలో నిప్పంటుకొనెను. వార్డు తలుపులు, కిటికీలు మూయించి, గాలి చొరకుండ చేసి, పైకప్పునుండి నీళ్లు పోయించుచుండగా మంట చాలవరకు అణగెను. అంతలో ఎవరో తొందరపడి ఒక కిటికీ తెరచిరట. గాలి తగిలినతోడనే మంట భగ్గుమనెను. నడిరేయికి కప్పు కూలెను. గడ్డివాము తగులబడుట చూచిన మన పల్లెవారికి ఆ కిటికీ సంగతి వేరుగ వివరింప నక్కరలేదు.

కాగితపు రీములు పోయినవి, సీసపు అక్షరములు కరగి ముద్దలైనవి. నష్టము పదివేల పౌనులని లెక్కకట్టిరి. అయితే డబ్బుతో కొనలేనివి వ్రాతప్రతులు. సంస్కృతమును, దానికి చుట్టములైన దేశభాషలను చేర్చి కేరీ కూర్చుచుండిన పెద్ద నిఘంటువు బూడిదయ్యెను. కన్నడ క్రొత్తనిబంధన పోయెను. మన తెలుగునకు ఆయన వ్రాసిన వ్యాకరణము సమూలముగా పోయెను. ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. ఎక్కడో గంగాతీరమున రగిలిన ఆ మంటలో మన భాషయు కాలినదని నేనంతవరకు ఎరుగను.

కేరీ ఆ రాత్రి కలకత్తాలో ఉండెను. ఆయన ఫోర్ట్ విలియం కళాశాలలో పాఠములు చెప్పుచుండువాడు. మరునాటి ఉదయము మార్ష్‌మన్ పోయి సంగతి చెప్పెను. కేరీ కన్నీళ్లు విడిచెను. ఈ కన్నీటిని దాచవలదని నా మనవి. మనలో కొందరు, విశ్వాసి యేడ్వరాదనియు, ఏడ్చినయెడల సాక్ష్యము చెడుననియు అనుకొందురు. ఆ తరువాత వచ్చిన ఆదివారమున కేరీ కలకత్తాలోని సంఘమునకు ప్రసంగించుచు, నలువదియారవ కీర్తనలో దేవుడు ఊరకుండుమని ఆజ్ఞాపించిన వచనమును తీసికొనెను. మనలను తన చిత్తప్రకారము నడిపించుటకు దేవునికి అధికారము కలదనియు, దానికి లోబడుట మన ధర్మమనియు చెప్పెనట. గమనింపుడు: పోయినది తిరిగి వచ్చునని ఆయన వాగ్దానము చేయలేదు.

అటు శ్రీరాంపురములో వార్డు శిథిలములు త్రవ్వించెను. అక్షరములు పోతపోయుటకు మూలమైన ఉక్కు అచ్చులు పాడుగాక దొరకెను. ముద్రణయంత్రములు వేరొక చోట నుండుటచే తప్పించుకొనెను. కరగిన సీసమునే మరల పోతపోసి, కొలది వారములకే ముద్రణ సాగించిరి. వార్త ఇంగ్లండు చేరగా అక్కడి సంఘములవారు రెండు మాసములైన గడువకముందే నష్టమునకు సరిపడు ధనము కూర్చిరి. కేరీ తెలుగు వ్యాకరణమును మరల వ్రాసెను. అది 1814లో అచ్చయ్యెను. తెలుగు క్రొత్తనిబంధన 1818లో వెలువడెను. కాని ఆ పెద్ద నిఘంటువు మాత్రము ఎన్నటికిని అచ్చుముఖము చూడలేదు. ఈ చివరి మాటయే నాకు ఎక్కువ సహాయము చేసెను. చరిత్ర చెప్పువారు తరచుగా దీనిని విడిచి, అంతయు రెట్టింపుగా తిరిగి వచ్చెనని ముగింతురు. నాకు తిరిగి రాదు గదా! తిరిగి రానిదానిని ప్రక్కనుంచుకొనియే ఆ వృద్ధుడు ఆరాధించెను, పని చేసెను.

మరియొక సంగతి. అగ్నిప్రమాదమునకు పదునెనిమిది ఏండ్ల ముందు, 1794లో, కేరీ తన అయిదేండ్ల కుమారుడు పీటరును జబ్బుతో పోగొట్టుకొనెను. ఆయన భార్య మతి చలించెను. ఆ కాలపు దినచర్యలో ఆయన తన ఒంటరితనమును, ప్రార్థనయందలి పొడితనమును దాపరికము లేక వ్రాసికొనెను. 1812లో కనబడిన నిబ్బరము ఒక్క రాత్రిలో పుట్టినది కాదు.

ఇక బైబిలును చూడుడు. కీర్తనల గ్రంథములో మొరలకు కొదువలేదు. ఎనుబదియెనిమిదవ కీర్తన చీకటిలోనే ముగియుచున్నది. చివర ఓదార్పు వాక్యమైనను లేదు. దానిని సంఘము వేల యేండ్లుగా ఆరాధనలో చదువుచునే యున్నది. కాబట్టి సణుగుచు మందిరమునకు వచ్చినవాడును ఆరాధకుడే. ఏలీయా చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పండుకొన్నప్పుడు దేవదూత అతనికి ఉపదేశము చేయలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. యోబు స్నేహితులు ఏడు దినములు అతనియొద్ద నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారి తప్పు వారు నోరు తెరచిన దినమున మొదలయ్యెను.

ఈ చివరిది సంఘ పెద్దలు ప్రత్యేకముగా ఆలోచింపవలెను. నాయొద్దకును వచ్చి, ఏ పాపమునకు ఈ శిక్షయో వెదకుకొమ్మని చెప్పినవారు కలరు. వారు వెళ్లిన పిమ్మట నేను రెండు దినములు బైబిలు ముట్టలేదు. అయితే మా సంఘములోని యిద్దరు వృద్ధులు వేరుగా ప్రవర్తించిరి. ప్రతి శనివారము ప్రొద్దు గూకిన తరువాత వచ్చి మా అరుగుమీద కూర్చుండువారు. వానలను గూర్చియు, దూడను గూర్చియు మాటలాడువారు. లేచునప్పుడు ఒకాయన కీర్తన చదువును. రెండవ ఆయన ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పును. నేను ఆమేన్ అనినను అనకున్నను అడుగువారు కారు. మందిరమునకు ఏల రావని ఒక్కనాడైనను అడుగలేదు.

ఇంటిలో కుటుంబప్రార్థన మాత్రము ఆగలేదు. ఆ గొప్ప నాది కాదు. పదియేండ్ల మా పిల్లవాడు దీపము పెట్టగానే అలవాటుచొప్పున పుస్తకము తెచ్చి చదువసాగెను. వలదనుటకు నాకు నోరాడలేదు. స్వంత మాటలు దొరకని కాలమున ఇతరులు వ్రాసిపెట్టిన ప్రార్థనలే నన్ను మోసినవి. స్వంతముగా చేసినదే నిజమైన ప్రార్థనయని వాదించు మన యువకులతో నేనిప్పుడు ఏకీభవింపను. పెద్ద మ్రొక్కుబడులు చేసికొని నెలలో విడుచుటకంటె, దినమునకు ఒక్క కీర్తన, అదే వేళకు, అదే చోట, ఎవరైన చదువుట మేలు.

కోతలైన తరువాత ఒక ఆదివారము ఆ వృద్ధులిద్దరు నన్ను పిలువకయే మా యింటిముందునుండి మెల్లగా నడచిరి. నేను కండువా వేసికొని వారివెంట పోతిని. పాట ఎత్తుట మరి రెండు నెలలకు గాని జరుగలేదు. ఇప్పుడు ఎత్తుచున్నాను, శ్రుతి మాత్రము వెనుకటికంటె ఒక మెట్టు తక్కువ. మా సంఘమువారు దానికి అలవాటుపడిరి.