తాండూరు బండ మీద నిమ్మచుక్క

పాలిష్ పెట్టిన తాండూరు బండ మీద నిమ్మరసం చుక్క పడి కాసేపు ఉంటే, తుడిచాక ఆ మేర మెరుపు పోతుంది. ఎంత కడిగినా తిరిగి రాదు. రాయి పైపొరే కరిగిపోయింది మరి! వికారాబాద్‌కూ తాండూరుకూ నడుమ ఉన్న కోట్‌పల్లి పిల్లలకు పదో తరగతి ఆమ్లాలు, క్షారాల పాఠం ఇక్కణ్నుంచే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం. లిట్మస్ కాగితం తర్వాత తీయొచ్చు.

తాండూరు బండ సున్నపురాయి, అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. చిన్న ముక్క మీద సారు నాలుగు చుక్కలు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే చుయ్యిమని నురగ లేస్తుంది. ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్. దాన్ని సున్నపు తేటలోకి పంపితే తేట పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు మళ్లీ కాల్షియం కార్బొనేటే, బండలో ఉన్న పదార్థమే! ఇంకాసేపు పంపితే అది బైకార్బొనేటుగా మారి నీళ్లలో కలిసిపోతుంది. ఆ నీళ్లు కాచి చూడండి, తెల్లపొర గిన్నెకు పడుతుంది. సున్నపురాతి నేలల్లో బోరునీళ్లు చేసేదీ ఇదే.

కాసేపటికి నురగ ఆగుతుంది. రాయి మిగిలే ఉంటుంది, ఖర్చయింది ఆమ్లం. తటస్థీకరణను కళ్లారా చూడటమంటే ఇదే.

ఇప్పుడు ఓ పిల్ల లేచి, "క్షారం హైడ్రాక్సైడ్ అయాన్లను ఇస్తుందన్నారు కదా సార్, ఈ రాయి ఫార్ములాలో అది లేదే?" అని అడగాలి. అడగకపోతే సారే అడగాలి. ఆ నిర్వచనం 1880ల నాటి అర్హీనియస్‌ది. 1923లో డెన్మార్క్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండ్‌లో లౌరీ ఎవరికి వారుగా మరో మాట చెప్పారు: ప్రోటాన్‌ను ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. రాయిలోని కార్బొనేట్ పుచ్చుకుంటోంది. ప్రశ్న పుట్టాక వచ్చిన నిర్వచనాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

అదే ఆమ్లం వికారాబాద్ వైపు ఎర్రటి లాటరైట్ రాయి మీద వేయండి, నురగ రాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాననీటి పి.హెచ్. సుమారు 5.6. యుగాల తరబడి ఆ వానలకు కాల్షియం కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలిన రాయి అది. కందిచేల నల్లరేగడిలో ఏరిన తెల్ల సున్నపు గులకలు మాత్రం బండలాగే చుయ్యిమంటాయి.