ఏడవ నెల తరువాత ఇంటివారి బాధ్యత

జహనుమాలోని మా వీధిలో ఏ ఇంటి ఆడపడుచుకైనా ఏడవ నెల రాగానే సత్వాసా వేడుక జరుపుతారు. బంధువులు వస్తారు, పూలు ముడుస్తారు, గాజులు తొడుగుతారు. ఆ సాయంత్రం అందరి కళ్ళూ ఆమె మీదే ఉంటాయి. మరునాటి ఉదయం ఆమె తిరిగి పొయ్యి ముందు నిలబడుతుంది. నిజానికి కష్టమైన రోజులు అప్పుడే మొదలవుతాయి. వాటి గురించి ఇంటి పురుషులకు తెలిసినది బహు స్వల్పం. మేము కూడా ఆ తెలియనివారిలో ఒకరమే.

కొన్నేళ్ళ క్రితం మా పెద్దకోడలికి ఎనిమిదవ నెల నడుస్తుండగా పాదాలు వాచాయి. ఈ దశలో అది మామూలే అన్నారు, అందులో అసత్యం లేదు. తరువాత ముఖం ఉబ్బింది, వేలి ఉంగరం బిగుసుకుపోయింది. రెండు రోజులుగా తలనొప్పి అన్నది. అబ్బాయి వేరే ఊరిలో ఉన్నాడు గనుక నిర్ణయం మాదే. మదరసాలో పరీక్షలు జరుగుతున్నాయి. జుమా నమాజు తరువాత చూపిద్దామన్నాము. ఆ రాత్రే దీపాలు మసకగా కనిపిస్తున్నాయని ఆమె భయపడింది. ఆసుపత్రిలో రక్తపోటు 160/110 ఉన్నది. వెంటనే ఆపరేషన్ చేయవలసి వచ్చింది. బిడ్డ బరువు 1 కిలో 800 గ్రాములు. అల్హమ్‌దులిల్లాహ్, తల్లీబిడ్డలు ఇద్దరూ దక్కారు. తలనొప్పి ఎప్పటి నుండి అని డాక్టరమ్మ అడిగినప్పుడు మేము తల ఎత్తలేకపోయాము.

లుఖ్మాన్ సూరా 14వ ఆయతులో, తల్లి గర్భభారంతో నానాటికీ బలహీనపడే సంగతిని అల్లాహ్ ప్రస్తావించాడు. ఆ ఆయతును ఏళ్ళ తరబడి పిల్లలకు బోధించిన మేము, మా ఇంట్లోని బలహీనతను గుర్తించలేదు. మర్యమ్ సూరాలో ప్రసవవేదన పడుతున్న హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని వాపోయారు. దానికి సమాధానంగా మందలింపు రాలేదు. నీరు, ఖర్జూరాలు, ఓదార్పు లభించాయి. ‘మేము కనలేదా?’ అని గద్దించే అత్తగార్లు ఈ ఘట్టాన్ని ఒకసారి నిదానంగా చదవాలని మా మనవి.

ఈ నెలలలో నడుము నొప్పి, గుండెలో మంట, పడుకుంటే ఆయాసం, మాటిమాటికీ మూత్రానికి లేవడం సహజం. వెల్లకిలా కంటే ఒక ప్రక్కకు తిరిగి పడుకోవడం మంచిది. అప్పుడప్పుడు పొట్ట గట్టిపడి మళ్ళీ వదులవుతుంది. విశ్రాంతితో తగ్గిపోతే అవి దొంగనొప్పులు. అసలు నొప్పులు క్రమం తప్పక, దగ్గర దగ్గరగా, అంతకంతకూ ఎక్కువగా వస్తాయి.

రక్తస్రావమైనా, నొప్పులు లేకుండానే ఉమ్మనీరు కారినా, జ్వరం వచ్చినా, పొట్ట పైభాగంలో నొప్పి పుట్టినా, తలనొప్పితో చూపు మసకబారినా తెల్లవారే వరకు ఆగకూడదు. బిడ్డ కదలికల విషయం ఇంకా ముఖ్యం. నెలలు నిండితే చోటు చాలక కదలికలు తగ్గుతాయని పెద్దలు చెబుతుంటారు. అది పొరపాటు. కదిలే తీరు కాస్త మారవచ్చు గాని కదలిక తగ్గకూడదు. తగ్గినట్లు తల్లికి తోస్తే ఆ రోజే చూపించాలి.

తొమ్మిదవ నెలలో నెయ్యి త్రాగితే కాన్పు సులువని మరొక మాట ఉన్నది. కడుపులోకి పోయిన నెయ్యి గర్భసంచికి ఎలా చేరుతుందో చెప్పినవారు లేరు! హీమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకుండా చూసుకోవడం అంతకంటే అవసరం. మన ఇళ్ళలో ఐరన్ మాత్రను చాయ్‌తో మింగే అలవాటున్నది. చాయ్ ఐరన్‌ను వంటబట్టనివ్వదు. రెండింటికీ నడుమ కనీసం గంట ఎడం ఉండాలి.

నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చునని బుఖారీ హదీసులో స్పష్టంగా ఉన్నది. తనకు గాని బిడ్డకు గాని హాని కలుగుతుందనే భయముంటే రమజాన్ రోజాలను వాయిదా వేసి తరువాత పూర్తి చేసుకోవచ్చు. అత్యవసర సమయంలో మహిళా డాక్టరు లేరని వైద్యాన్ని ఆపడం ధర్మనిష్ఠ అనిపించుకోదు. ప్రాణావసరం ఉన్నప్పుడు పురుష వైద్యునికి చూపించడానికి షరీఅత్ అనుమతిస్తున్నది.

మా ప్రాంతం నుండి పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి చాలామంది వెళ్తారు. పరీక్షలకు 102 వాహనం, ఆపద వేళ 108 ఉన్నాయి. రమజాన్ రాత్రులలో చార్మినార్ దారి జనంతో కిక్కిరిసి ఉంటుంది గనుక మరో దారిని ముందే చూసి ఉంచుకోవాలి. రిపోర్టులు, ఆధార్, బ్యాంకు పుస్తకం, రక్తం ఇవ్వగల ఇద్దరి ఫోన్ నంబర్లు ఒకే సంచిలో పెట్టుకోవాలి. అన్నిటికంటే ముందు భర్త అయినవాడు, ‘ఆపద వస్తే నా కోసం గాని, అబ్బాజాన్ కోసం గాని ఆగవద్దు, బయలుదేరు’ అని భార్యకు పదిమందిలో చెప్పి ఉంచాలి.

ఇప్పుడు మా చిన్నకోడలికి ఏడవ నెల. సత్వాసా నాడు బంధువులందరి ముందు మా అబ్బాయి ఆ మాట చెప్పాడు. రిపోర్టుల సంచి తలుపు వెనుక మేకుకు వ్రేలాడుతున్నది. పక్కనే గోడమీద వీధి చివరి ఆటో అతని నంబరును మేమే పెద్ద అంకెలతో వ్రాసి ఉంచాము.