అరిగిన ఆయిలింజనుకు క్రొత్త భాగములు

నీరు తోడు ఆయిలింజను నీలిపొగ విడిచి, నూనెను హెచ్చుగా త్రాగినచో పెక్కుమంది రైతులు క్రొత్త రింగులు మాత్రమే వేయింతురు. ఇది పొరపాటు. సిలిండరు అంతటను సమముగా నరుగదు. పిస్టను మీదికి వచ్చి మరలుచోట అరుగుదల మిక్కుటము. అచ్చట గుండ్రదనము చెడినచో రింగు గోడకు సరిగా నానుకొనదు. పెట్టిన సొమ్ము వ్యర్థమగును.

కావున ముందుగా సిలిండరును పైనను క్రిందను కొలిపింపవలెను. అరుగుదల తయారీదారు చెప్పిన హద్దు మించినచో లైనరు మార్చవలెను. లేదా బోరు చేయించి, ఆ కొలతకు తగిన పెద్ద పిస్టనును రింగులను వేయింపవలెను. 100 మిల్లీమీటర్ల బోరులో రింగు కొనల నడుమ సాధారణముగా 0.4 మిల్లీమీటర్ల సందు ఉండవలెను. లేనిచో వేడికి కొనలొరసికొని రింగు విరుగవచ్చును. క్రాంకును సానపెట్టించినచో బేరింగులును ఆ తగ్గిన కొలతవే కొనవలెను.

పైరు ఎండువేళ ఇంజను నిలిచిన నష్టముకంటె ఈ కొలతల ఖర్చు స్వల్పమని సభ్యులు గ్రహింతురుగాక.