కుంభవృష్టిని ముందుగా చెప్పగలరా?

చందర్లపాడు ప్రాంతపు రైతు వానను గూర్చి అడుగు ప్రశ్న ఒక్కటే: "మా ఊర ఎప్పుడు, ఎంత కురియును?" వాతావరణ శాస్త్రము దీనికి నేటికిని సగము సమాధానమే చెప్పగలదు. ఆ సగమును సరిగా గ్రహించినచో పంటను, పశువులను, ప్రాణములను కాపాడుకొనవచ్చును.

గణనయంత్రములు వాయుమండలమును గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోను గాలి, వేడిమి, తేమ మారు తీరును లెక్కకట్టును. భారత వాతావరణ శాఖవారు 2025 మే నెలలో ప్రవేశపెట్టిన పద్ధతిలో ఒక్కొక్క గడి వెడల్పు సుమారు 6 కిలోమీటర్లు. అంతకు ముందు అది 12. బంగాళాఖాతములోని వాయుగుండము వందల కిలోమీటర్లు వ్యాపించును గనుక, దాని రాకను కొన్ని దినములు ముందుగానే పసిగట్టవచ్చును. కుంభవృష్టి కురిపించు మేఘమో, కొలది కిలోమీటర్ల మేరకే పరిమితము. కొన్ని గంటలలోనే పుట్టి నశించును. పెద్ద కన్నుల వలనుండి చిన్న చేప జారిపోయినట్లు అది లెక్కకు అందకుండ పోవును. తొలి కొలతలలోని స్వల్పదోషము పెరిగి, వానను ఒక మండలమునుండి మరియొక మండలమునకు జరిపివేయును.

2024 సెప్టెంబరు 1వ తేదీ తెల్లవారకముందు వాయుగుండము తీరము దాటినది కళింగపట్నము చెంత. కాని దానికి ఎంతో దూరముననున్న విజయవాడ, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు సైతము అతివృష్టి పాలైనవి. వాయుగుండము దాటు చోటు తెలిసినంతమాత్రమున వాన కురియు చోటు తెలిసినట్లు కాదు.

మేఘము ఏర్పడిన పిమ్మట మచిలీపట్నమునందలి రాడారు దానిని కనుగొనును. అప్పుడు చెప్పు మాటకు నమ్మిక హెచ్చు. కాని వ్యవధి రెండు మూడు గంటలే.

ఏటి వరద సంగతి వేరు. 2023 జులైలో ఎగువ వానలకు మున్నేరు పొంగి, ఐతవరమువద్ద హైదరాబాదు రహదారిని ముంచెను. ఇట్టి వరదను ఎగువ నీటిమట్టములను బట్టి కొన్ని గంటలు ముందుగా అంచనా కట్టవచ్చును. కనుక మన ఊర చినుకు పడకున్నను ఏటిగట్టుననున్నవారు ఏమరరాదు.

హెచ్చరిక వెలువడిన దినమున మన ఊర ఎండ కాచినచో, అది అబద్ధమని త్రోసివేయుట తగదు. ఆ వాన ప్రక్క మండలమున కురిసియుండవచ్చును. జిల్లాకు హెచ్చరిక వినగానే కల్లములోని మిర్చిని కప్పి, లంకలోని పశువులను మెరకకు తోలుకొనవలెను. వాన రాకున్న పోవునది ఒక పూట శ్రమ. వచ్చినచో దక్కునది ఏడాది ఫలము.