కడుపుతో ఉన్నప్పుడు నడుములో పోటు

మనిషి నడుముకు రెండు పక్కలా కిడ్నీలు ఉంటాయి. కొందరికి కిడ్నీలో కొవ్వు, రక్తనాళాలు కలిసిన గడ్డ పెరుగుతుంది. సాధారణంగా ఇది క్యాన్సర్ కాదు. కానీ కడుపుతో ఉన్నప్పుడు త్వరగా పెరగవచ్చు, చిట్లవచ్చు. గడ్డ 4 సెంటీమీటర్లు దాటితే ఆ భయం ఎక్కువ.

చిట్లితే రక్తం లోపలే కారుతుంది. పైకి చుక్కైనా కనపడకపోవచ్చు. చిక్కంతా అక్కడే. ఉన్నట్టుండి ఒక పక్క నడుములో పోటు వస్తుంది. కళ్లు తిరుగుతాయి, ఒళ్లు చల్లబడుతుంది. ఒక్కోసారి మూత్రం ఎర్రగా వస్తుంది. కాన్పు నొప్పులనుకుని ఇంట్లోవాళ్లు కాపడం పెడుతూ కూర్చుంటే తల్లికీ బిడ్డకీ ముప్పు. వెంటనే 108 బండిని పిలవాలి.

ఆసుపత్రిలో అల్ట్రాసౌండు స్కానింగ్ తీస్తారు. దానివల్ల బిడ్డకు హాని లేదు. రక్తం ఎక్కిస్తారు. తొడ మొదట్లోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, రక్తం కారేచోట మూసేస్తారు. ఇది కుదిరితే కిడ్నీ తీయనక్కరలేదు. గడ్డ ఉందని ముందే తెలిసినామె కడుపు నిలవగానే డాక్టరమ్మకు ఆ సంగతి చెప్పాలి.