గొత్తికోయల వెంట సీతక్క

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మన కోనసీమ లంకల్లో పడవలే దిక్కయ్యాయి. ఏటిగట్టు మీద టార్పాలిన్ల కింద గొడ్డూగోదాతో తలదాచుకున్నవాళ్లు రాజోలు, పి.గన్నవరం వైపు ఇంకా ఆ మాటే చెబుతారు. అదే వరద మనకంటే ముందు ఏటూరునాగారం గూడేలను ముంచింది. అక్కడ ముంపు ఊళ్లు పట్టుకు తిరిగిన ఎమ్మెల్యే సీతక్కకు ఆ అక్టోబరులోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇచ్చింది.

అసలు పేరు దనసరి అనసూయ. ములుగు దగ్గర జగ్గన్నపేటలో 1971లో కోయ కుటుంబంలో పుట్టారు. చదువుకునే ఈడులోనే నక్సలైట్ దళంలోకి వెళ్లారు. 1990లలో బయటికొచ్చి లా చదివి, వరంగల్ కోర్టులో నల్లకోటు వేసుకున్నారు. 2009లో తెలుగుదేశం తరఫున, 2018లో కాంగ్రెస్ తరఫున ములుగులో గెలిచారు. తుపాకి వదిలి అసెంబ్లీకి వచ్చిన మనిషని అందరూ ఈ కథే చెబుతారు. నాకు మాత్రం ఆమె పరిశోధనకు ఎంచుకున్న విషయం అంతకంటే ముఖ్యం. వరంగల్, ఖమ్మం జిల్లాల్లోని గొత్తికోయల బతుకు అది.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్‌లో ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. ప్రాణాలు అరచేత పట్టుకుని వేలమంది గొత్తికోయలు ఇటు వరంగల్, ఖమ్మం అడవుల్లోకి వచ్చేశారు. అక్కడ ఎస్టీలు, సరిహద్దు దాటాక ఆ గుర్తింపు లేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందునుంచీ సాగులో ఉన్న భూమికే పట్టా ఇస్తుంది. ఆ తర్వాత వచ్చి పోడు కొట్టుకున్నవాళ్లు అటవీశాఖ లెక్కలో ఆక్రమణదారులే. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో వాళ్ల గుడిసెలు కూల్చేశారు. సల్వాజుడుం చెల్లదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. వెనక్కి వెళ్దామన్నా, ఆ తీర్పుతో కాలిన ఊళ్లు తిరిగి లేవలేదు కదా!

2020 లాక్‌డౌన్‌లో సంతలు మూతపడి ఈ గూడేలకు తిండిగింజలు కరువయ్యాయి. బియ్యం, పప్పు, కూరగాయలు తీసుకుని సీతక్క బయల్దేరారు. దారి ఉన్నంత మేర ట్రాక్టరు, ఆపైన ఎడ్లబండి. వాగు అడ్డమొస్తే దిగి దాటడం, అదీ కుదరని చోట మూట భుజానికెత్తుకుని కాలినడక. ఆమె పరిశోధనలోని మనుషులు ఈ గూడేలవాళ్లే.

ఇదంతా కోనసీమకెందుకు అనుకోవద్దు. పోలవరం మన డెల్టాకు భరోసా అంటున్నాం. ఆ నీటికోసం ఊళ్లు ఖాళీ చేస్తున్నది సీతక్క జాతివాళ్లైన కోయలు, వాళ్లతోపాటు కొండరెడ్లు. వాళ్ల పునరావాసం గురించి అడగాల్సిన మొదటి గొంతు అమలాపురం, కొత్తపేట రైతులదే.

సీతక్క 2023 డిసెంబరు 7న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు. గొత్తికోయ పిల్లలకు కులధ్రువీకరణ పత్రం ఇప్పించడం ఆమె చేతిమీదుగానే జరగాలి. వాళ్ల కష్టం ఆమెకు తెలిసినంతగా ప్రభుత్వంలో మరొకరికి తెలియదు.