నూతిలో మందు వేశారు సరే, గంట ఆగారా?

గోదావరికి వరద వచ్చి తీసిందంటే కోనసీమ ఇల్లాలికి మొదటి బెంగ మంచినీళ్ల గురించే. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ లంక గ్రామాలు నీట మునిగాయి. పెరట్లో నుయ్యి మునిగితే పొలాల బురద, పశువుల పేడ, మరుగుదొడ్ల మురుగు అన్నీ అందులో చేరతాయి. కలరా, టైఫాయిడ్, కామెర్లు ఆ దారినే ఇంట్లోకి వస్తాయి. అందుకే బ్లీచింగు పౌడరు వేస్తాం. కాని గుప్పెడు పొడి విసిరి, ఆ వెంటనే బిందె ముంచితే? వేసీ వేయనట్టే!

చింతపండు చెప్పే పాఠం

ఇత్తడి బిందెను చిక్కటి చింతపండు గుజ్జుతో రుద్దండి, ఇట్టే మెరుస్తుంది. అంతే చింతపండును బకెట్టు నీళ్లలో పిసికి ఆ నీళ్లతో రుద్దండి, చెయ్యి నొప్పే మిగులుతుంది. చింతపండులోని ఆమ్లం చిలుమును తాకితేనే అది వదులుతుంది. గుజ్జు చిక్కగా ఉంటే ఆమ్లం ఎక్కువగా తాకుతుంది, పని జోరుగా సాగుతుంది. పలచబడితే నెమ్మదిస్తుంది. దీన్నే గాఢత అంటారు.

నూతిలో జరిగేదీ ఇదే. పౌడరులోంచి వచ్చిన క్లోరిన్ క్రిములను తాకి చంపాలి. క్రిములన్నీ ఒక్కసారిగా చావవనీ, కాలం గడిచేకొద్దీ ఒక క్రమంలో నశిస్తాయనీ 1908లో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన హేరియట్ చిక్ అనే శాస్త్రవేత్త చూపారు. అదే ఏడు వాట్సన్ అనే ఆయన మందు గాఢతకూ, పట్టే కాలానికీ లెక్క కట్టారు. మనకు పనికొచ్చే ముక్క ఇది: క్లోరిన్ గాఢత సగానికి తగ్గితే, అదే పనికి సుమారు రెట్టింపు సమయం పడుతుంది.

ఇద్దరు దొంగలు

ఈ గాఢతను దొంగిలించేవి రెండు. మొదటిది పాత పౌడరు. తాజా పౌడరులో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. మూత తీసి ఉంచితే గాలికీ, తేమకూ, వెలుతురుకూ అది ఎగిరిపోతుంది, సున్నం మిగులుతుంది. రెండోది బురద. క్లోరిన్ ముందు బురదలోని చెత్తతో కలిసి ఖర్చయిపోతుంది, క్రిముల వంతుకు ఏమీ మిగలదు. అందుకే బురద నీరు తోడిపోసి, ఊట నీరు తేటపడ్డాకే మందు వేయాలి.

ఎంత వేయాలి?

తేట నీటికి మామూలు మోతాదు 1000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి పౌడరు. మీటరున్నర వెడల్పు నూతిలో 3 మీటర్ల లోతు నీరుంటే సుమారు 5300 లీటర్లు. అంటే 13 గ్రాములు చాలు. తూచి వేయండి.

పొడిని నేరుగా నూతిలో పోయకండి. ప్లాస్టిక్ బకెట్టులో కాస్త నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక వంతు నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచండి. అడుగున దిగిన సున్నం పారేసి, పైతేటను మాత్రం చేదలో పోసి నూతిలో దింపి, పైకీ కిందికీ, పక్కలకూ ఆడించండి. ఆ తర్వాత కనీసం ఒక గంట ఎవరూ నీళ్లు తోడకూడదు. రాత్రి వేసి తెల్లవారి తోడుకుంటే మరీ మంచిది.

గంట తర్వాత కూడా లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ నీటిలో మిగిలి ఉండాలి. వరదకు మునిగిన నూతికి మామూలు మోతాదు చాలకపోవచ్చు. కనుక ఆరోగ్య కార్యకర్త చేత పరీక్ష చేయించి, మోతాదు అడిగి వేయండి. అంతవరకూ నీళ్లు తెర్లకాచి చల్లార్చినవే తాగండి. పసిపిల్లలకు ఇది మరీ ముఖ్యం.

మరొక హెచ్చరిక. ఎక్కువైతే ఇంకా మంచిదని దోసిళ్లతో గుమ్మరించకండి. బ్లీచింగు పౌడరును మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎన్నడూ కలపకండి, ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వస్తుంది. డబ్బా మూత బిగించి, పొడిగా, చీకటిగా ఉన్నచోట, పిల్లలకు అందకుండా దాచండి.

వాసన వచ్చింది కదా అని తొందరపడి బిందె ముంచకండి. మందుకు బలం ఎంత అవసరమో, వ్యవధీ అంతే అవసరం. ఆ గంట ఓపిక పడితే ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం!